ఎదురు కిటికీలో ఏసీ రిమోట్

"నాలుగింటికి డ్యామ్ చీఫ్ ఇంజనీర్‌ని చంపబోతున్నారు. కాన్ఫరెన్స్ హాల్లో. ఏ గేటు దగ్గరో తెలీదు."

ఫోన్‌లో గూఢచారి శాఖ చీఫ్ ఎప్పుడూ ఇంతే, పలకరింపులుండవు.

"హాలుకి గేట్లెన్ని సార్?"

"తొమ్మిది. ప్రోగ్రాం మానుకోమంటే ఇంజనీర్ వినడు. అన్ని గేట్లకీ కాపలా పెడితే హంతకుడు మాయమై ఇంకోచోట తేలతాడు. గేటు నంబర్ మహారాణి చెబుతుంది. మూడున్నరకి, మూడూ నలభైకి, మూడూ యాభైకి. మూడుసార్లే. అంతకు మించితే ఆమె పని అయిపోతుంది."

లైన్ కట్.

ఫోన్ అందుకున్న ఈ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ సన్యాసి అంటారు. నలభై రోజులుగా టీవీ మెకానిక్ వేషంలో ఈ అద్దె గదిలో ఒంటరిగా పడి ఉన్నాడు. ఒకావిడ నిజంగానే టీవీ తెచ్చిస్తే బాగుచేసి ఇచ్చాడు. ఇన్ని రోజుల్లో అతను ఎదురెదురుగా మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కతే.

సన్నటి వీధికి అవతల విదేశీ ముఠా ఆఫీసు. అక్కడి కిటికీలో మహారాణి, ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆమె ఏసీ రిమోట్‌ని ఇటు తిప్పి నొక్కుతుంది. అందులోంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కంటికి కనపడదు. టెంపరేచరే కోడ్. ఇరవై ఒకటంటే ఒకటో గేటు, ఇరవై రెండంటే రెండోది. దాన్ని పట్టుకోవాల్సింది సన్యాసి సొంతంగా అతికించిన సర్క్యూట్. మూడు కాళ్ల రిసీవర్, అక్కణ్నుంచి లాప్‌టాప్‌కి ఒక వైరు.

అది పొద్దుటి నుంచి మొరాయిస్తోంది.

చిక్కంతా డిపార్ట్‌మెంట్‌కి పార్టులు పంపే స్టోర్ వాళ్లతోనే. శత్రువు చేతికి చిక్కినా ఎక్కడిదో తెలియకూడదని ప్రతి పార్టు మీదా నంబర్ గీకేసి పంపుతారు. శత్రువు సంగతి సరే, ఏ కాలు దేనికో మనకే తెలియదు. పొద్దున ఒక రిసీవర్‌ని తప్పుగా కలిపితే పొగ వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే.

మీటర్ తీశాడు. రిసీవర్ మీది రేకు తొడుగు గ్రౌండ్ కాలికే కలిసి ఉంటుంది. ఒక వైరు రేకుకి ఆనించి, రెండోది ఒక్కో కాలికీ తాకించాడు. నడిమి కాలి దగ్గర మీటర్ కుయ్యిమంది. మిగిలిన రెండింటినీ, తప్పయినా కాలిపోకుండా పెద్ద రెసిస్టర్ అడ్డం పెట్టి తేల్చుకున్నాడు. రిసీవర్‌కి కరెంటిచ్చే అడాప్టర్‌ని ప్లగ్గులో పెట్టాడు.

మూడున్నర. మహారాణి చెయ్యి కదిలింది. తెర నిండా గీతలు. ఆమె చెయ్యి దించాక కూడా అవి ఆగలేదు. సిగ్నల్ కాదు, ఉత్త చెత్త.

ట్యూబ్‌లైట్ ఆర్పాడు. రిసీవర్‌కి ఎండ తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టాడు. మూడూ నలభైకి మళ్లీ చెత్తే. ఈసారి ఆమె ఇటు ఒక్క క్షణం ఎక్కువ చూసింది. మధ్యలో ముప్పై అడుగులు. కేకేస్తే వినబడుతుంది, కానీ కేకేయడానికి లేదు.

అడాప్టర్ మీద చెయ్యి వేశాడు. కాలిపోతోంది, సన్నగా గీపెడుతోంది. దొంగ ఇదే! కరెంటుతోపాటు తన రొదనంతా రిసీవర్‌కి ఎక్కిస్తోంది.

బ్యాటరీలు కావాలి, మూడు. కొట్టుకి వెళ్లొచ్చే టైం లేదు. గోడ గడియారంలోంచి ఒకటి పీకాడు. మిగతా రెండూ రేడియోలో ఉన్నాయి. నలభై రోజులుగా ఈ గదిలో మనిషి గొంతు అంటే అదే. వార్తలు చదివే ఆవిడ నమస్కారం అంటే ఇతనూ నమస్కారం అనేవాడు. ఇప్పుడు వాక్యం మధ్యలో ఆవిడ గొంతు ఆగిపోయింది. సన్యాసికి నిజంగానే బాధేసింది.

మూడింటినీ వరసగా పెట్టి టేపు చుట్టి, ఒక కెపాసిటర్ తగిలించాడు. తెర శుభ్రమైంది.

మూడూ యాభై. అవతలి గదిలోకి ఎవరో వచ్చారు. మహారాణి వాళ్ల వైపు నవ్వి, చలేస్తోందన్నట్టు భుజాలు రుద్దుకుంటూ రిమోట్ నొక్కింది. తెర మీద ఒకే ఒక్క గుత్తి గీతలు. ఇరవై ఏడు.

"ఏడో గేటు సార్!"

"ఖాయమా?"

"ఖాయం."

నాలుగింటికి అర నిమిషం ముందు, కెమెరాలో తుపాకీ గొట్టం దాచిన ఫోటోగ్రాఫర్‌ని ఏడో గేటు దగ్గర పడగొట్టారు. అప్పటికే ఇంజనీర్ అతని ముందు ఆగి, ఫోటో కోసం టై సర్దుకుంటున్నాడట.

నాలుగున్నరకి చీఫ్ ఫోన్.

"బాగా చేశావ్. గది ఖాళీ చెయ్యి."

"ఆమె?"

"క్షేమం. సాయంత్రానికి బోర్డర్ దాటేస్తుంది. అన్నట్టు, నీ గురించి అడిగింది."

సన్యాసి లేచి నిలబడ్డాడు. "ఏమని సార్?"

"ఆ కిటికీలో మనిషున్నాడా, ఉత్త మెషినేనా అని."

"మీరేమన్నారు?"

"మెషినే అన్నాను. సెక్యూరిటీ రూల్."

సన్యాసి మళ్లీ కూర్చున్నాడు.

"మంచిదే సార్," అన్నాడు చివరికి. "మూడింట్లో రెండుసార్లు ఫెయిలైన చెడ్డపేరు నాకు రాకుండా పోయింది."