చక్రాల్లేని బండిలో పది నిమిషాలు

మా బాబాయి పనిచేసే బస్సు డిపోలో, వెనక గోడ వారగా ఒక పాత బండి ఉండేది. చీకటి పడ్డాక దాని దగ్గరికి ఎవరూ వెళ్ళేవారు కాదు. చక్రాలు ఊడదీశారు, ఇంజను పీకేశారు, సీట్లలోని స్పాంజీ ఎలుకలు పట్టుకుపోయాయి. నాలుగు ఇటుకల దిమ్మెల మీద మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా కూర్చుని ఉండేది. లోపల తాడు మాత్రం అలాగే ఉంది... వెనక కండక్టరు లాగితే డ్రైవరు తల మీద మోగే బెల్లు తాడు.

ఆ బండిలో ఒక ముసలి కండక్టరు పోయాడట. ఆఖరి ట్రిప్పులో జనమంతా దిగిపోయాక డబుల్ బెల్లు కొట్టాడు — అంటే 'పోనియ్' అని — కొట్టి, వెనక సీట్లో కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. డ్రైవరు పాపం డిపో దాకా తోలుకొచ్చి, "దిగు గురూ, వచ్చేశాం" అన్నాడట. ఎవరు దిగుతారు?

అప్పట్నుంచి ఆ బండిలో ఎవరో ఊపిరి తీస్తున్నారని చెప్పుకునేవారు. కాపలాదారు చెవులారా విన్నాడు. బారుగా, బరువుగా... రోజంతా నిలబడి పనిచేసినవాళ్ళు తీసే ఊపిరి. చచ్చాక కూడా అలసట తీరకపోతే ఇక చావడం దేనికని నా అనుమానం. కానీ నన్నెవరూ అడగలేదు.

మా బాబాయికి ఆ బండితో పని పడడానికి కారణం నిద్ర.

బాబాయి కూతురు, అంటే మా అక్క, కవలల్ని కని అప్పటికి నాలుగు నెలలు. నాతో సహా అందరికీ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. పిల్లలిద్దరూ డ్యూటీ చార్టు వేసుకున్నట్టు వంతులవారీగా ఏడ్చేవారు. ఒకడు దిగితే ఒకడు ఎక్కేవాడు. బాబాయి డ్యూటీ మాత్రం తెల్లవారుజామున ఐదింటికే ఎక్కేది.

ఒక మధ్యాహ్నం నిండు బస్సుతో వంతెన దిగుతూ ఆయన కళ్ళు మూశాడు. రెండే సెకన్లు. బస్సు పక్కకి జరిగి రెయిలింగు వెంట గీసుకుంటూ పోయింది. ఆరేళ్ళుగా ఆయనతో తిరుగుతున్న కండక్టరమ్మ వెనక నుంచి తాడు తెగేలా లాగబట్టి మెలకువొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ క్షణంలో అద్దంలో, ముందు సీట్లో కూర్చున్న బడిపిల్ల మొహం చూశాడు బాబాయి. ఆ తర్వాత పడుకునే అవకాశం దొరికిన రాత్రుళ్ళు కూడా ఆ మొహమే.

డిపో మేనేజరు నెల రోజులు చూస్తానన్నాడు. ఇంకోసారి కునుకు పట్టిందంటే స్టీరింగు ముట్టుకోనివ్వడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకోవడమే. ఇరవై ఆరేళ్ళు తోలిన మనిషి.

డిపో డాక్టరు మాత్రలివ్వలేదు. ధ్యానం చెయ్యమన్నాడు. రోజూ ఒకే చోట, ఒకే వేళకి, పది నిమిషాలు. కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టాలి. పది దాకా వచ్చాక మళ్ళీ ఒకటి. మధ్యలో లెక్క తప్పితే నొచ్చుకోకుండా మళ్ళీ ఒకటి. బాగా చెయ్యనక్కర్లేదు, రోజూ చేస్తే చాలన్నాడు.

ఇంట్లో మొదలుపెట్టాడు. మూడో ఊపిరికి ఒక మనవడు, ఐదో ఊపిరికి రెండో మనవడు. వంటింట్లో కూర్చుంటే పిన్ని ఆయన నెత్తి మీదుగా చెయ్యి చాపి గిన్నెలు అందుకునేది. బాత్రూములో కూర్చుంటే ఏమైపోయాడోనని కంగారుపడి నేనే తలుపు బాదాను. కంగారుతోనే బాదాను. మొదటిసారి మాత్రం.

డిపో విశ్రాంతి గది ఇంకా మేలు. తోటి డ్రైవర్లు చుట్టూ మూగి, స్వామివారు మాకూ కాస్త మోక్షం ఇప్పించాలని కాళ్ళు పట్టుకునేవారట.

ఎవరూ రాని చోటు ఒక్కటే మిగిలింది.

తెల్లవారుజాము నాలుగున్నర. చీకటి ఇంకా గోడకి అంటుకునే ఉంది. తలుపు తోసుకుని బాబాయి ఆ బండి ఎక్కాడు. డ్రైవరు సీట్లోనే కూర్చున్నాడు... వేరే సీట్లో కూర్చోవడం ఆయనకి చేతకాదు. కళ్ళు మూసుకున్నాడు.

ఒకటి... రెండు... మూడు...

ఏడు దగ్గర తల వాలింది.

టింగ్.

సింగిల్ బెల్లు. అంటే — ఆపు.

కాలు దానంతటదే బ్రేకు కోసం వెతికింది. బ్రేకు లేదు. కళ్ళు అద్దం కోసం వెతికాయి. అద్దం కూడా పీకేశారు, అదే మంచిదైంది. వెనక చీకట్లో ఎవరో ఊపిరి తీస్తున్నారు... బారుగా... బరువుగా...

లేచి పరుగెత్తాల్సిందే. కానీ కాళ్ళు కదల్లేదు. భయంతో కదల్లేదా, అలసటతో కదల్లేదా అంటే ఆయనకీ తెలియదు. చేసేదేమీ లేక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. కొంతసేపటికి తాను లెక్కపెడుతున్నది తన ఊపిరో, వెనకున్నవాళ్ళదో కూడా తెలియలేదు.

అప్పుడు —

టింగ్ టింగ్.

డబుల్ బెల్లు. పోనియ్.

వాచీ చూసుకున్నాడు. కూర్చుని సరిగ్గా పది నిమిషాలు.

ఆ రోజంతా ఆయనకి ఒక్క ఆవలింత రాలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. దెయ్యమున్న చోటికి బుద్ధున్నవాడెవడైనా రెండోసారి వెళ్తాడా అని నేను అడిగితే, ఆయన చెప్పులు విప్పుకుంటూ అన్నాడు.

"దెయ్యమైతే ఏంరా, కునికితే లేపుతోంది, టైమవగానే పంపిస్తోంది. ఈ ఇంట్లో నాకా మాత్రం ఎవరు చేశారు?"

మొదటి వారం రోజుకి ఐదారుసార్లు సింగిల్ బెల్లు మోగేది. రెండో వారం రెండుసార్లు. ఒక రోజు మనవడికి జ్వరమని వెళ్ళలేదు. ఆ మధ్యాహ్నం వంతెన మీద ఒక ఆవలింత దవడ దాకా వచ్చి ఆగింది. ఇక మానలేదు. ఎక్కడానికి ముందు ప్రతిరోజూ భయమేసేది. ఎక్కి కూర్చున్నాక ఆ భయాన్ని మొయ్యడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఒకటి, రెండు, మూడు... నాలుగో వారానికి అసలు సింగిల్ బెల్లే లేదు. పది నిమిషాలకి డబుల్ మాత్రం తప్పేది కాదు.

ముప్పయ్యో రోజు, గడువుకి ఆఖరి రోజు, వెనక నుంచి ఒక తుమ్ము వినిపించింది.

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. దెయ్యానికి జలుబు చేస్తుందా?

"ఎవరది?" అన్నాడు.

చివరి సీటు మీద దుప్పటి కదిలింది. "నేనే అన్నా... నువ్వు కూర్చో, కూర్చో."

కండక్టరమ్మ.

ఆమె చెప్పుకున్నది ఇదీ. ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు రాత్రంతా పిలుస్తూనే ఉంటుంది. స్టాఫ్ వ్యాను ఆమెని మూడున్నరకే డిపోలో దింపేస్తుంది. ఐదింటి దాకా ఒళ్ళు వాల్చడానికి ఆ పొడుగు సీటు తప్ప చోటు లేదు. రెండేళ్ళుగా కాపలాదారు వింటున్న ఊపిరి ఆమెదే. చెబితే నలుగురూ వచ్చి ఆ సీటు కూడా పంచుకుంటారని నోరు మెదపలేదు.

మరి బెల్లు కొట్టడమెందుకని అడిగాడు బాబాయి.

"నువ్వు గురక పెడితే నాకు నిద్ర పట్టొద్దా?" అని, దుప్పటి మడత పెడుతూ, "అయినా డ్యూటీలో నువ్వు కునికితే మన బస్సులో పోయేది నేను కూడా కదా అన్నా" అంది.

నెల రోజుల్లో మొదటిసారి బాబాయి నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు.

"సరే చెల్లెమ్మా, సింగిల్ అంటే గురకని బట్టి కొట్టావు. డబుల్‌కి టైమెలా చూసేదానివి? ఒక్క సెకను తేడా రాలేదు."

ఆమె దుప్పటి మడత పెడుతున్నది ఆగిపోయింది.

"డబుల్... నువ్వు కొట్టుకునేది కాదా? ధ్యానం అయిపోగానే పైకి చెయ్యెత్తి నువ్వే కొట్టుకుంటున్నావనుకున్నా."

ఇద్దరూ ఒకేసారి తాడు వైపు చూశారు. తాడు కదలడం లేదు. ఇద్దరూ ఒకేసారి దిగారు, ఆ ఇరుకు తలుపులోంచి అదెలా కుదిరిందో నన్నడక్కండి.

ఆ మధ్యాహ్నం మేనేజరు బాబాయిని పిలిచి, స్టీరింగు నీదే, ఇలాగే ఉండు అన్నాడు. సాయంత్రం తుక్కు వాళ్ళు క్రేను తెచ్చి ఆ బండిని ఎత్తుకుపోయారు. నేలమీద నూనె మరక, ఇటుకల దిమ్మెలు మిగిలాయి.

ముప్పయ్యొకటో రోజు. గడువు లేదు, బండి లేదు. నాలుగున్నరకి బాబాయి కాళ్ళు మాత్రం అక్కడికే పోయాయి. కండక్టరమ్మ అప్పటికే ఒక దిమ్మె మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పడుకోవడానికి చోటు లేదు కాబట్టి తనకీ ఆ లెక్కేదో నేర్పమంది. ఒకటి నుంచి పది, తప్పితే మళ్ళీ ఒకటి... అంతేనన్నాడు బాబాయి. ఇంకో దిమ్మె మీద కూర్చున్నాడు.

పైన ఆకాశం. తాడు లేదు, రేకు లేదు, బెల్లు లేదు. రెండు ఊపిర్లు... బారుగా... బరువుగా... ఆరు... ఏడు... ఎనిమిది...

టింగ్ టింగ్.

ఇద్దరూ కళ్ళు తెరిచారు.

"నేను కాదన్నా" అంది కండక్టరమ్మ, గుసగుసగా.

"తెలుసులే." బాబాయి లేచి, ప్యాంటుకంటిన ఇటుక పొడి దులుపుకున్నాడు. "పద. పోనియ్ అన్నాడు కదా."