పదకొండో నంబరు ఇంట్లో దీపం

శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, రిటైరైనవాళ్ల కోసం కట్టిన కాలనీ అది. సాయంత్రం ఐదింటికి టీ, ఏడున్నరకి రాగిజావ, మధ్యలో బీపీలూ మోకాళ్ల నొప్పుల కబుర్లూ. నెత్తిమీంచి విమానం పోయినప్పుడల్లా మాట ఆపి, అది వెళ్లాక ఆపినచోటే మళ్లీ మొదలుపెట్టడం అందరికీ అలవాటైపోయింది.

2011లో, డిసెంబరు నాలుగున, జగన్మోహనరావుకి ఓ ముచ్చట పుట్టింది. డెబ్భై ఒకటి యుద్ధమప్పుడు ఆయన విశాఖపట్నంలో బ్లాకౌట్ వార్డెను. శత్రువిమానాలకి ఊరు కనబడకుండా, పొద్దుగూకగానే విజిలు మెళ్లో వేసుకుని, ఏ కిటికీలో వెలుగు కనబడినా "దీపం ఆర్పండి!" అని కేకేస్తూ తిరగడం ఆయన పని. దానికి నలభై ఏళ్లు నిండాయట, అందుకని కాలనీ అంతా ఐదు నిమిషాలు దీపాలార్పి ఆ రోజులు తలుచుకోవాలట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు మరి!

"వద్దండీ," అంది భార్య లలితకుమారి, మంచం మీంచే. ఆవిడ గుండె జబ్బు మనిషి. "ఏడింటికి నేను మందు తాగాలిగా! చీకట్లో నాకేం కనబడుతుంది?"

"ఐదు నిమిషాల్లో వచ్చి నేనే పోస్తాను. నువ్వు మాత్రం సీసా ముట్టుకోకు."

మెయిన్ స్విచ్ దగ్గర వాచ్‌మన్ మొగులయ్య నసిగాడు. "సారూ, గిట్ల కరెంటు తీస్తే ముసలోళ్లు పరేషానైతరు. జర ఆలోచన చెయ్యుండ్రి."

"ఐదు నిమిషాలేనయ్యా. ఊఁ, కానీ."

స్విచ్ పడింది. కాలనీ అంతా ఒక్కసారిగా చీకటైపోయింది.

జగన్మోహనరావు హుషారుగా విజిలు ఊదుకుంటూ ఇళ్ల వరస వెంట నడిచాడు. కిటికీల వెనక నవ్వులు, దగ్గులు, "ఇంకెంతసేపండీ!" అనే కేకలు. చివరికొచ్చేసరికి అవేవీ వినబడలేదు. గాలి కూడా ఆగినట్టుంది. పదకొండో నంబరు ఇంటి కిటికీలో పచ్చటి వెలుగు వణుకుతోంది. కిరసనాయిలు వాసన.

ఆ ఇంట్లో ఎవరూ లేరు. వేసవి నుంచీ దానికి తాళమే.

అయినా నోరు ఊరుకుంటుందా? "దీపం ఆర్పండి!" అనేశాడు.

"ఒక్క నిమిషం బాబూ..." లోపల్నుంచి ఆడగొంతు, గుసగుసగా. "మా గుంటడికి మందు పోస్తన్నాను..."



ఆ మాట ఆయన మునుపు విన్నదే. నలభై ఏళ్ల కిందట అలా అన్న తల్లికి ఆయన ఆ ఒక్క నిమిషం ఇవ్వలేదు. తలుపు తోసుకెళ్లి దీపం తనే ఊదేశాడు. ఆమె చీకట్లో తడుముకుని, తాగే మందు బదులు పక్కనున్న పూతమందు పోసింది. తెల్లారేసరికి పిల్లాడు లేడు. వారం తిరక్కుండా ఆమె నూతిలో తేలింది. ఈ సంగతి ఆయన కట్టుకున్న భార్యకి కూడా ఏనాడూ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక.

"ఆర్పకమ్మా..." కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "దీపం ఉండనీ తల్లీ... తప్పు నాదే..."

లోపల ఎవరో ఉఫ్‌మని ఊదారు.

వెలుగు పోయింది.

గాజుల చప్పుడు... తాళం వేసిన తలుపు దాటి బయటికొచ్చింది. తడిచీర ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది. మంచులా చల్లగా. ఆ చప్పుడు ఆగలేదు. ఆయన ఇంటివైపే వెళుతోంది.

"లలితా!"

డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి పరుగెత్తాడు. పడ్డాడు, లేచాడు. "మొగులయ్యా... కరెంటు వెయ్యి... వెయ్యవయ్యా నీకు దణ్ణం పెడతాను!"

లైట్లు వెలిగాయి.

లలితకుమారి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. గుమ్మం పట్టుకుని రొప్పుతూ అడిగాడు. "సీసా ముట్టుకోలేదు కదా?"

"లేదండీ. మీరు ఆవిణ్ణి పంపారుగా." పెదాలు తుడుచుకుంది. "పాపం, చీరంతా తడితడిగా తగిలింది. నా తల ఒళ్లో పెట్టుకుని పసిపిల్లకి పోసినట్టు పోసింది. ఇదేం మందండీ, ఇంత ఘాటుగా ఉంది?"

ఆమె చేతిలో ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంది. అలాంటిది వాళ్లింట్లో ఎన్నడూ లేదు. వాళ్లకి పిల్లలే లేరు.

"సగమే తాగాను," అంది మగతగా, దాన్ని ఆయనవైపు చాస్తూ. "మిగతాది మీకుంచమంది."