రెండు డిస్కులు, ఒక ప్రశ్న

జగన్నాథన్‌ని చంపుతుంటే నాలుగు కెమెరాలు చూశాయి. మనుషులు మాత్రం ఒక్కరూ చూడలేదు.

తుడియలూరులోని పంపుల వర్క్‌షాపులో, టెస్టింగ్ తొట్టి పక్కన శవం దొరికింది. కరెంటు షాకన్నారు. స్టోర్ కీపర్‌గా అక్కడ చేరిన ఆ పెద్దమనిషి సీక్రెట్ ఏజెంటని వాళ్ళకేం తెలుసు? శవం మెడ మీద సూది గుర్తు చూడగానే ఏజెంట్ మణికంఠన్‌కి సంగతి అర్థమైంది. తనని ఈ వృత్తిలోకి తెచ్చి, తమ్ముడిలా చూసుకున్న మనిషి. ఆ రోజు నుంచి మణికంఠన్‌కి అన్నం సయించలేదు. హంతకుణ్ణి కోర్టుకి అప్పగించాలన్న ఆలోచన కూడా అతనికి లేదు. దొరికితే తన చేతులతోనే చంపాలి.

పొల్లాచ్చిలో ఓ కొబ్బరి గోడౌన్. ఎండబెట్టిన కుడకల గుట్ట ముందు కూర్చున్న కాపలావాడు తలెత్తకుండానే మణికంఠన్‌ని అడిగాడు.

"రెండెండలు చాలునా?"

"చాలవు. మూడో ఎండా కావాల."

వెనక తలుపు తెరుచుకుంది. బయటి ప్రపంచానికి కొబ్బరి వ్యాపారి, లోపల సెక్షన్ చీఫ్ అయిన రత్నసభాపతి కుర్చీ చూపించాడు.

"కూచో తంబీ. ఏడ్చింది చాలు, పని ఉండాది. ఆ సౌందరమ్మ వర్క్‌షాపులో మన జలాంతర్గాములకి సద్దు లేని పంపు తయారవతా ఉండాది. డ్రాయింగులు ఒక ఫారిన్ గ్యాంగ్ చేతికి పోయినాయి. టెస్టు చేసేది ఎట్లని తెలిస్తే గాని అవి వాళ్ళకి పనికిరావు. టెస్టు జరిగింది కెమెరాల ముందర. జగన్నాథన్‌ని చంపిందీ అక్కడనే. రెండూ ఒకే హార్డ్ డిస్కులో ఉండాయి."

"ఇన్ని దినాలు వాళ్ళు ఎత్తుకోలేదా అయ్యా?"

"కెమెరాల రికార్డింగు డబ్బా, అదే డీవీఆర్, ఆయమ్మ పూజ రూములో, ఇనప బీరువాలో ఉండాది. తాళంచెవి ఆయమ్మ మొలలో. అయితే డిస్కు చిన్నది. నిండిపోతే పాతదాని మీదనే కొత్తది రాస్తా పోతాది. హత్య ఈ పొద్దో రేపో చెరిగిపోతాది. పెద్ద డిస్కు వెయ్యను ఆయమ్మ మెకానిక్‌ని అడగతా ఉండాది. ఆ మెకానిక్కు నువ్వే."

మణికంఠన్ లేవలేదు. "జగన్నాథన్ అన్న ఆడ ఉండాడని ఎంతమందికి తెలుసు?"

"ముగ్గురికి. నాకు, నీకు, కృత్తికకి."

"నేను చంపలేదు. ఇంక మిగిలింది మీరిద్దరు."

చీఫ్ నవ్వలేదు. "ఆమా. నన్నూ లెక్కలో పెట్టుకో."

కృత్తిక! సెక్షన్లో అందరికన్నా అందగత్తె, అందరికన్నా తెలివైనది. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, చేతిసంచీలో పిస్టల్. మదురై పక్క తిరుమంగళం తెలుగు ఇంటి బిడ్డనని చెప్పుకునేది. శవయాత్రలో అందరికన్నా ఎక్కువ ఏడ్చిందీ ఆమే. ఆమె మీద అనుమానపడడానికి మణికంఠన్‌కి మనసు రాలేదు. చీఫ్ మీదా రాలేదు. అయినా ఇద్దరిలో ఒకరు జగన్నాథన్‌ని అమ్మేశారు.

దారిలో అతనికి జగన్నాథన్ చెప్పిన పాఠాలు గుర్తొచ్చాయి. గంటల తరబడి కారులో కూర్చుని శత్రువుల ఇళ్ళకి కాపలా కాస్తున్నప్పుడు, పొద్దుపోక, పొగమంచు పట్టిన అద్దం మీద వేలితో తెలుగు అక్షరాలు రాసి నేర్పేవాడు ఆయన. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుకుంటారు. ఈ తమిళనాట తెలుగువాళ్ళలో తెలుగు చదవగలిగేవాళ్ళు అరుదు. "మనవాళ్ళకే చదవను రాదు కదరా, ఇంతకన్నా మంచి సీక్రెట్ కోడ్ ఏముండాది?" అనేవాడు. కృత్తికకీ నేర్పబోతే, "నాకేలన్నా, మా ఇంట్లో అందరిదీ తమిళ చదువే," అని నవ్వేసింది. చీఫ్‌కి కూడా ఒక్కక్షరం రాదు.

మణికంఠన్ జేబులో రెండు తెల్ల స్టికర్లున్నాయి.

సౌందరమ్మకి డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. బీరువా తెరుస్తూనే మొదలుపెట్టింది. "ఇంత దుడ్డు పోసి కెమెరా పెట్టించితిని కన్నూ. మా మామిడికాయలు కోసింది ఎవురో చూపించమంటే, అది ఎప్పుడో మరిచిపోయినా అంటాది. దీనికి నాకన్నా మతిమరుపు!"

మణికంఠన్ డీవీఆర్‌ని పద్ధతిగా ఆపి, ప్లగ్ పీకి, మూత స్క్రూలు విప్పాడు. డేటా కేబులు, పవర్ కేబులు ఊడదీశాడు. అడుగునున్న స్క్రూలు తీసి డిస్కు బయటికి లాగాడు. జగన్నాథన్ చివరి క్షణాలు ఈ చిన్న రేకు డబ్బాలో ఉన్నాయి.

పాత డిస్కు, సంచీలోంచి తీసిన కొత్త డిస్కు ఒకే కంపెనీవి. దుమ్ము తుడిచేసి, కంపెనీ లేబుళ్ళు కనపడకుండా రెంటి మీదా స్టికర్లు అంటించాడు. ఆ స్టికర్ల మీద రాసింది తెలుగులో.

సౌందరమ్మ కాఫీ తేవడానికి వెళ్ళగానే కృత్తిక లోపలికొచ్చింది, ఎగుమతి ఆర్డర్లిచ్చే మేడమ్ వేషంలో.

"అన్నా, సీక్రం! బయట వాళ్ళ మనుషులు ఉండారు. డిస్కు నాకియ్యి, చీఫ్‌కి చేర్చేస్తాను."

"బల్ల మీద ఉండాది, ఎత్తుకో," అన్నాడతను. "చేతులు కడుక్కొని వస్తా."

పెరట్లో కొళాయి తిప్పి నిలబడ్డాడు. ఒక్క ప్రశ్న కోసం చెవులు రిక్కించాడు. 'అన్నా, రెంటిలో ఏది?' అని అడగాలి. నిజంగా తిరుమంగళం బిడ్డయితే అడిగి తీరాలి. అడుగమ్మా, అడుగు, అని లోలోపల బతిమాలుకున్నాడు కూడా.

నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ప్రశ్న రాలేదు. కారు స్టార్టయిన చప్పుడొచ్చింది.

లోపలికి వెళ్ళి చూస్తే బల్ల మీద ఒకటే డిస్కు మిగిలింది. దాని మీద 'కొత్తది, ఖాళీ' అని రాసుంది. 'పాతది' అని రాసిన డిస్కు ఆమెతో పోయింది. మణికంఠన్‌కి ఒళ్ళంతా భగ్గుమంది. మిగిలిన డిస్కుని సంచీలో వేసుకుని, 'పాతది' స్టికర్ కింద దాచిన ట్రాకర్‌ని ఫోనులో ఆన్ చేశాడు. ఎర్రచుక్క పొల్లాచ్చి రోడ్డు పట్టింది.

చుక్క ఆగింది కొబ్బరితోపు మధ్య పాడుబడిన మోటారు షెడ్డు దగ్గర. చీఫ్ పంపిన కమాండోలు చుట్టూ మాటు వేశారు. మణికంఠన్ కిటికీ సందులోంచి చూశాడు. లోపల అదే మోడల్ డీవీఆర్, దాని ముందు ఓ తెల్లదొర. పక్కన కృత్తిక, నవ్వుతూ.

దొర డిస్కు బిగించి స్విచ్ వేశాడు. మానిటర్ వెలిగింది: కొత్త డిస్క్. ఖాళీ. ఫార్మాట్ చేయాలా?

దొర మొహం మాడిపోయింది. పిస్టల్ తీసి కృత్తిక నుదుటికి ఆనించాడు.

మణికంఠన్ కదల్లేదు. ఒక్క క్షణం ఆగితే చాలు, పగ తీరిపోతుంది, తన చేతికి రక్తం కూడా అంటదు. ఆగాడు కూడా. అంతలో అద్దం మీద అక్షరాలు దిద్దిన ఆ వేలు గుర్తొచ్చింది. ఇంత సులువుగా చస్తుందా ఇది? వీల్లేదు!

అతని తుపాకీ పేలింది. దొర చేతిలోని పిస్టల్ ఎగిరి డీవీఆర్ మీద పడింది. కమాండోలు తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి దూకారు.

బేడీలు పడ్డాక కృత్తిక అడిగింది. "ఏల కాపాడితివి?"

"ప్రేమతో కాదు. కోర్టులో పెద్ద స్క్రీన్ పెట్టిస్తాను. ఆయన్ని నువ్వు చంపింది నాలుగు కెమెరాల్లోనూ నువ్వే కూచొని చూడాల. జడ్జి చాలనేదాకా చూడాల."

ఆమె పెదవి కొరుక్కుంది. "నేను తప్పు చేసింది ఎక్కడ?"

"మీ ఫారిన్ ట్రైనింగులో నీకు తెలుగు చదవను నేర్పినారు. బాగానే నేర్పినారు. అయితే మా ఇండ్లల్లో చదవను రాదని చెప్పను మరిచిపోయినారు. స్టికర్లు రెండూ తారుమారుగా అంటించితిని. చదవను రాని బిడ్డయితే అడిగుంటాది. నువ్వు చదివితివి." సంచీలోంచి అసలు డిస్కు తీసి చూపించాడు. "ఆ అక్షరాలు నాకు నేర్పింది ఆయనే."

కమాండోలు కృత్తికని బయటికి నడిపించారు.

చీఫ్‌కి రిపోర్టు ఇవ్వబోతుంటే ఫోను మోగింది.

"ఏం కన్నూ," అంది సౌందరమ్మ, "కాఫీ ఆరిపోయింది. పాత డిస్కూ లేదు, కొత్త డిస్కూ లేదు, డబ్బా ఒట్టిగా నోరు తెరుచుకొని ఉండాది. మెకానిక్కని నమ్మితే రెండూ దొంగిలించుకొని పోతివే! నిన్ను పట్టిద్దామంటే కెమెరాలో కూడా లేవు."