అనంతగిరి నుంచి మూడు మైళ్లు

సర్వేయరు రామారావు వీపులో గుండు దిగేసరికి ఫిలిప్పు అతనికి బైబిలు అమ్ముతున్నాడు. బైబిళ్ల సంచీ వేషం మాత్రమే. 1927లో అనంతగిరి బంగళా వరండాలో నిలబడ్డ ఫిలిప్పు సీక్రెట్ సర్వీస్ ఏజెంటు.

"కాఫీ చేదుగా ఉంది," అన్నాడు రామారావు ఒరిగిపోతూ. అది తమ మనిషినని తెలిపే కోడ్ వర్డ్.

"బెల్లం వేసుకో."

"విదేశీ ముఠా... నా చేతే చోటు గుర్తు పెట్టించారు. వంతెన కింద బాంబు. పదకొండు గంటల బస్సు ఎక్కగానే... ఇక్కడికి తూర్పున మూడు మైళ్లు."

అంతే. ప్రాణం పోయింది.

టైము తొమ్మిదీ నలభై. టెలిగ్రాఫ్ తీగ తెంచేశారు. ఆ వంతెన కూలితే ఘాట్ రోడ్డు మూసుకుపోతుంది. ముఠా నింపాదిగా కొండల్లోకి తుపాకులు దింపుకుంటుంది. దేశానికి ఆ రోడ్డు ముఖ్యం. ఫిలిప్పుకి వరమ్మ ముఖ్యం. మిషన్ స్కూల్లో పనికి చేరడానికి అతని భార్య ఆ బస్సులోనే వస్తోంది.

నడుముకి పెడోమీటర్ తగిలించాడు. అడుగులు లెక్కపెట్టి మైళ్లు చూపే స్విస్ యంత్రం. రోడ్డు పట్టుకుని పరుగెత్తాడు. ముల్లు మూడు మీదికి రాగానే ఓ కల్వర్టు. కింద దూరి రాళ్లన్నీ పెకలించాడు. కప్పలున్నాయి. బాంబు లేదు.

తలెత్తి చూశాడు.  బంగళా పొగగొట్టం సరిగ్గా నెత్తి మీదే ఉంది!

కావిడితో అడ్డదారిన దిగుతున్న ముసలి భీమన్న ఆగాడు. "ఏటి బాబూ, ఎతుకుతున్నావు?"

"బంగళా నుంచి మూడు మైళ్లు వచ్చాను తాతా. ఇక్కడ వంతెన ఉండాలి."

"మూడు మైళ్లు నడిసినావు. అరమైలు కూడా ఎల్లలేదు. గానుగెద్దు పొద్దల్లా నడుత్తాది, ఏ ఊరెల్లింది?"

ఫిలిప్పుకి చెంప మీద కొట్టినట్టయింది. చచ్చినవాడు సర్వేయరు! మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీసే మనిషి. అతని మూడు మైళ్లు మెలికల రోడ్డువి కావు, చుక్కకీ చుక్కకీ మధ్య సూటి గీతవి. దిక్సూచి తీశాడు. "బంగళాకి నేరుగా తూర్పున ఏ వంతెనుంది?"

"బూరుగుగెడ్డ వంతెన. రోడ్డునెల్తే ఇంకా ఆరు మైళ్లు. కొండ దిగితే ఇరవై బుజాలు." కావిడి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి ఎన్నిసార్లు మారిందో, అక్కడ దూరమంటే అదే.

"టైము పదిన్నర. నన్ను కిందికి దింపు తాతా!"

"బేగి రా మరి."

దారి కాదది, లోయ. రెండుసార్లు పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. పదిహేడో భుజం దగ్గర బస్సు హారన్ వినిపించింది. ప్రభువా, అనుకున్నాడు. అంతకంటే పెద్ద ప్రార్థనకి ఊపిరి లేదు.

వంతెన కింద పట్టుచీర, నల్లకళ్లజోడు. మగ్దలేనమ్మ. రెండు పక్షాల ఉప్పూ తిన్న డబుల్ ఏజెంటు. ఒక చెయ్యి బ్యాటరీ పెట్టె హ్యాండిల్ మీద, ఇంకో చేతిలో పిస్తోలు.

"నువ్వింకా ఆరు మైళ్ల అవతల ఉండాలి, డార్లింగ్."

"రోడ్డు మీదైతే ఉండేవాణ్ణే."

బస్సు ముందు చక్రం వంతెన చెక్కల మీదికెక్కింది. భీమన్న కావిడిబద్ద గిర్రున తిరిగింది. పిస్తోలు నీళ్లలో పడింది. ఆమె హ్యాండిల్ నొక్కేలోగా ఫిలిప్పు వైర్ల మీద పడి పెరికేశాడు.

హ్యాండిల్ టక్‌మంది. అంతే. బాంబు పేలలేదు.

పారిపోబోతున్న మగ్దలేనమ్మని రెండు చేతులా వాటేసి ఆపాడు. ఇద్దరూ గెడ్డ నీళ్లలో పడ్డారు. పైన బస్సు కీచుమని ఆగింది. కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. వరమ్మ. బతికే ఉంది.

"ఏటండీ! బైబిళ్లమ్మడానికని సెప్పి, గెడ్డలో ఆ పట్టుసీర గుంటతో ఏటి సేత్తన్నారు?"

భార్యకైనా రహస్యం బయటపెట్టనని ప్రమాణం చేసిన మనిషి. మగ్దలేనమ్మని వదలకుండానే ఫిలిప్పు, "బాప్తిస్మం ఇస్తున్నాను, వరమ్మా," అన్నాడు.