పిల్ల మాటకు వదిలిన ఖాళీ

తన నవలల్లోని కిడ్నాపర్లంటే రచయితకు పెద్ద గౌరవం లేదు. వాళ్ళ కోసం కళ్ళు తుడుచుకునే పాఠకులంటే అంతకన్నా లేదు. ఆ కన్నీళ్ళ మీద బతుకుతున్న తనంటే అసలే లేదు. వంటకం నోటికొచ్చు: ఎత్తుకుపోయేవాడికి మంచాన పడ్డ తల్లి ఉండాలి, కట్లు వదులుగా కట్టాలి, పాలు చల్లార్చి పట్టాలి, సగం పుస్తకానికల్లా పిల్ల వాణ్ణి మామయ్యా అని పిలవాలి.

అయితే చిన్నపిల్లల మాట రాయడం మాత్రం అతనికి చచ్చినా రాదు. అందుకే నవలని ఫోన్లో రికార్డు చేసేటప్పుడు, కిడ్నాపర్ మాటలు తేనె పూసి పలికి, పిల్ల జవాబు రావాల్సిన చోట కాస్త ఖాళీ వదిలేవాడు. టైపు చేసిపెట్టే అక్క ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. ఆ ఖాళీలు ఆవిడే పూరించేది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. కిటికీలు మూసిన గదిలో తడిగోడల వాసన. అక్క చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసి, ఈసారి పిల్లచేతే చెప్పించావు, ఎవరి పిల్లరా అని అడిగింది. తనొక్కడే కూర్చుని చెప్పానన్నాడు. నీ మొహం, విను అంది.

స్పీకర్లో అతని గొంతు జాలి ఒలకబోస్తోంది. "భయపడకు తల్లీ, కట్లు వదులుగానే కట్టాను."

ఖాళీ...

"లేదు. బిగించావు."

చిన్న గొంతు. ఏడుపు లేదు. విసుగు.

"ఈ పాలు తాగమ్మా."

"పాలేం లేవు. చీకటే ఉంది... నన్ను పంపెయ్."

అక్క ఆపేసింది. దెయ్యాన్ని చూసి భయపడ్డట్టు లేదు, తమ్ముణ్ణి చూసి రోత పుట్టినట్టుంది.

"ముందు ఆ పిల్లని వదిలిపెట్టరా," అంది.

ఇప్పుడే వదిలేస్తే నవలేం మిగుల్తుందక్కా అనబోయి, ఆవిడ మొహం చూసి మింగేశాడు. ఫోన్ అందుకున్నాడు. రికార్డింగ్ నొక్కాడు.

"అతను తలుపు తీశాడు. ఇంటికి వెళ్ళిపో తల్లీ అన్నాడు. పిల్ల వెళ్ళిపోయింది."

అలవాటు కొద్దీ కాసేపు ఖాళీ వదిలాడు. ఆపి, వెనక్కి తిప్పి పెట్టాడు.

అతని మాటలు వినిపించాయి. వాటి వెనక వాన చప్పుడు లేదు. ఎక్కడో గాలి ఆడని చోటు... ఎవరిదో ఊపిరి...

తర్వాత పిల్ల గొంతు. అతనితో కాదు. పక్కనున్న ఎవరితోనో.

"తలుపు తీయలేదు. తీశానని చెప్పాడంతే."

ఒక మగగొంతు నవ్వింది. మెత్తగా, చాలా దగ్గరగా. అది రచయితది కాదు.

"నా సంగతీ అంతేగా," అంది. "మంచివాణ్ణని చెప్పాడంతే."