కాగితం మీది లగ్గం

పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఒక ఆడపిల్ల బూడిద కోసం వెతుకుతోంది.

జగదీశ్వర్ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి కనిపించింది ఇదీ. మెడలో ఐడీ కార్డు, ఒళ్లో ట్యాబు, జడ చివర ఇంత బొగ్గు దుమ్ము. ఆమె పొయ్యి రాయి మీద చూపుడు వేలు రాసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"ఈ పొయ్యి ఎప్పుడైనా వెలిగిందా అండీ?"

"రోజు వెలుగుతది మేడమ్."

"మరి మసి ఏదీ?"

"మా ఇంటామె మస్తు సాఫ్ చేస్తది."

"బూడిద?"

"గిన్నెలు తోముకున్నం."

"కట్టెలు కూడా కనపడవే."

"గ్యాసు మీద వండుతున్నం గద."

"రోజూ ఈ పొయ్యే వెలుగుతుందన్నారు ఇప్పుడే."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతనిది నాలుగు మాటలకే ఊడి చేతిలోకొచ్చింది.

పాపం, ఆ అబద్ధం అతనొక్కడిది కాదు. రేగులపల్లె కింద బొగ్గుంది. ఓపెన్ కాస్టు గని ఊరి పొలిమేర దాకా వచ్చేసింది. మధ్యాహ్నం రెండింటికి బ్లాస్టింగ్ అయితే గోడల మీద దేవుడి పటాలు వంకరపోతాయి. బోర్లు ఎప్పుడో ఎండాయి. ఇక ఊరు ఊరంతా లేచి, ఆరు కిలోమీటర్ల అవతల కట్టబోయే కొత్త కాలనీకి పోవాలి. ఒప్పందంలో ఒక మాట ఉంది: లగ్గమై వేరే పొయ్యి పెట్టుకున్న కొడుకు వేరే కుటుంబం కింద లెక్క, అతనికి వేరే ఇల్లు. ఆ మాట చెవిన పడ్డ వారంలోపు గొడ్ల కొట్టాల్లో, వసారాల్లో, ఆఖరికి ట్రాక్టరు షెడ్డులో కూడా కొత్త పొయ్యిలు లేచాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. రేగులపల్లె వాళ్లు ఆ రెండూ ఒక్క కాగితం మీద కానిచ్చేశారు.

జగదీశ్‌ది అచ్చం అలాంటి పెళ్లే. మేనత్త పోశవ్వకు ఊళ్లో ఇల్లు లేదు. మొగుడు పోయిన ఏడే గుడిసె కూలింది. కూతురు సంతోషితో కలిసి పదేళ్లుగా అన్న సదయ్య ఇంటి వసారాలోనే పడి ఉంటోంది. ఇల్లు లేని మనిషికి లిస్టులో పేరెక్కడుంటుంది. అందుకే సదయ్య బాగా ఆలోచించి, తన కొడుకు జగదీశ్‌కూ చెల్లెలి కూతురు సంతోషికీ పంచాయతీ రిజిస్టర్లో లగ్గం రాయించాడు. తాళి లేదు, తలంబ్రాలు లేవు. రెండో ఇల్లొస్తే అందులో పోశవ్వ ఉంటుంది, పిల్లలిద్దరి దారి వాళ్లది. సంతోషి గోదావరిఖనిలో ఒక బట్టల షాపులో పనికి పోతుంది. జగదీశ్ ఐటీఐ చదివి పంచాయతీ నీళ్ల వాల్వులు తిప్పుతుంటాడు. బావా అంటే మరదలా అనుకోవడమే తప్ప వాళ్లిద్దరి మధ్య ఇంకేమీ లేదు.

"నేను నీళ్ల పథకం ఇంజనీరుని, ఏఈని. విద్య," అంది ఆ పిల్ల లేచి చేతులు దులుపుకుంటూ. "కొత్త కాలనీలో ట్యాంకు ఎంత కట్టాలో, పైపు ఎంత లావుది వెయ్యాలో మీ పొయ్యిలే చెప్పాలి నాకు. ఇంటికో నల్లా. నా లిస్టులో నల్లా లేకపోతే మీకు ఇల్లు లేదు. మీ ఆవిడేరీ?"

"డ్యూటీకి పోయింది. ఖనిల, బట్టల షాపు."

"పొద్దున్న ఏం వండింది?"

ఆమె జవాబు కోసం ఆగకుండా ట్యాబులో ఏదో నొక్కి, పక్కింటికి వెళ్లిపోయింది. ఏం నొక్కిందో అతనికి తెలియలేదు.

మర్నాడు సర్పంచ్ కబురు పెట్టాడు. ఏఈ మేడమ్‌కు ఊళ్లో పాత పైపులు చూపించాలట. అవి ఎక్కడెక్కడ పోతున్నాయో ఏ కాగితం మీదా లేదు, జగదీశ్ తలకాయలో ఉంది. అలా ఇద్దరూ కలిసి నడవడం మొదలైంది.

"ఈ వాల్వు నాలుగు చుట్లే తిప్పాలె మేడమ్. అయిదో చుట్టు తిప్పితే నీళ్లన్ని కింది వాడకు పోతయి. మీది వాడోళ్లు బిందెలు పట్టుకొని నా మీదికొస్తరు."

"ఇది ఏ పుస్తకంలో ఉందండీ?"

"పుస్తకంల లేదు. తిట్లు తిని నేర్చుకున్న."

ఆమె నవ్వింది. నవ్వితే ఎడమ చెంప మీద చిన్న సొట్ట పడుతుంది. అది చూస్తూ జగదీశ్ ఆ రోజు వాల్వు ఆరు చుట్లు తిప్పేశాడు, మీది వాడ ఆడవాళ్ల చేత మళ్లీ తిట్లు తిన్నాడు.

విద్య తండ్రి కామేశ్వరరావు తణుకు వైపు నుంచి గనిలో ఓవర్‌మాన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పుట్టింది కంపెనీ క్వార్టర్లో. కుదురుగా ఉన్నంతసేపు ఇంట్లో నేర్చిన భాష మాట్లాడుతుంది. ఒకరోజు జాయింటు ఊడి పైపు నీళ్లు ఆమెను నిలువునా తడిపేసినప్పుడు మాత్రం అసలు గుట్టు బయటపడింది.

"ఏంది జగదీశ్ గిది. ముంగట చెప్పొద్దా?"

"కోపమొస్తే మీకు మా భాషనే వస్తది మేడమ్."

"స్కూల్లో కొట్లాటలన్నీ ఈ భాషలోనే కదా మరి."

"ఇంకో పారి కోపం చెయ్యున్రి. ఇనాలని ఉన్నది."

"పోవయ్యా," అంది ఆమె. తడిసిన మొహం పక్కకు తిప్పుకుంది కానీ సొట్ట దాచుకోలేకపోయింది.

కొత్త కాలనీ ప్లాన్‌లో ట్యాంకు ఉత్తరం మూలన గీసి ఉంది. జగదీశ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కడ పల్లం మేడమ్. గడ్డ మీద పెట్టున్రి. నీరు పల్లమెరుగు."

"నిజం దేవుడెరుగు," అని పూర్తి చేసింది విద్య, అతని కళ్లలోకి చూస్తూ. "ఆ సామెతలో రెండో సగం మీరెప్పుడూ అనరేం?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జగదీశ్ జేబులు తడుముకున్నాడు. ఆమె ట్యాంకును మాత్రం గడ్డ మీదికి మార్చింది.

ఆషాఢంలో ఒక సాయంత్రం, కొత్త కాలనీలో ప్లాట్ల హద్దులకు సున్నం పోయిస్తుంటే వాన ముంచుకొచ్చింది. కూలీలు లారీ కిందికి పరిగెత్తారు. విద్య, జగదీశ్ దగ్గర్లో దించిన పెద్ద సిమెంటు పైపులో దూరారు. మోకాళ్లు మోకాళ్లు తగిలేంత జాగా. పోసిన సున్నమంతా తెల్లగా కరిగి వాళ్ల ముందు నుంచే పారుతోంది.

ఆరు వారాలుగా మింగుతూ వచ్చిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"నాకు లగ్గం కాలె విద్య గారు."

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"పొయ్యి చూసిన రోజు నుంచి. పెళ్లైన మగాడెవడూ మా ఆవిడ సాఫ్ చేస్తుందని అంత గర్వంగా చెప్పడు."

"మరి రాసుకున్నరా లిస్టుల?"

"వెలుగుతోందని టిక్కు పెట్టాను. ఊరే పోగొట్టుకుంటున్న మనుషులు ఒక పొయ్యి ఎక్కువ చూపిస్తే నాదేం పోయింది అనుకున్నా. అప్పటికి మీరెవరో నాకు తెలియదు కదా."

"ఇప్పుడు తెల్సు గద."

"ఇప్పుడు తెలుసు," అంది విద్య. చెయ్యి వానలోకి చాపింది. తర్వాత తడి చేతిని తెచ్చి అతని చేతిలో పెట్టింది. జగదీశ్‌కు బతుకులో అంత సంతోషం ఎన్నడూ కలగలేదు, మళ్లీ కలగనూ లేదు.

వాన తగ్గేసరికి ఆమె గొంతు మారింది.

"సోమవారం లిస్టు ఫైనల్. ఇంటింటికీ పోయి చూశాను, ఇదంతా నిజం అని నేను సంతకం పెట్టాలి. నీ పేరుంటే, నువ్వు సంతోషి మొగుడివని నేనే రాసిచ్చినట్టు. రేపు నిన్ను నేను చేసుకుంటే ఎవడో ఒకడు అర్జీ పెట్టక మానడు. నా ఉద్యోగం సంగతి వదిలెయ్, ఇల్లు వెనక్కి తీసేసుకుంటారు."

"పేరు కొట్టేస్తే?"

"మనకు దారుంది. మీ అత్తకు ఇల్లుండదు. వేరే దారి ఉందేమోనని రూల్సన్నీ తిరగేశాను జగదీశ్. లేదు."

"ఇంట్ల మాట్లాడి చెప్త."

"జల్ది చెప్పు," అంది ఆమె. కోపం లేకుండా ఆమె ఆ భాష మాట్లాడటం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున జగదీశ్ వసారాలోకి వెళ్లాడు. పోశవ్వ కాళ్లు చాపుకుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. పన్నెండో ఏట నెత్తికెత్తిన బిందె ఆమె ఇంతవరకూ దించలేదు.

"అల్లుడా, నిన్న నడుసుకుంట పోయి మన ప్లాటు చూసొచ్చిన," అంది. "మునగకొమ్మ ఒకటి నాటొచ్చిన. నల్లా వంటింట్లకే వస్తదట గద. పొయ్యి కాడ కూసోని చెయ్యి చాపితే నీళ్లట. నిజమేనా?"

"నిజమే అత్త."

"నువ్వు సల్లగుండాలె బిడ్డా."

జగదీశ్ కక్కలేక మింగలేక బయటికొచ్చాడు. సంతోషి దండెం మీద బట్టలు ఆరేస్తోంది.

"ఆ ఏఈ మేడమేనా బావ?"

"నీకెట్ల తెల్సు?"

"రెండు నెలలల్ల మూడు కొత్త అంగీలు. మూడు మా షాపులనే కొన్నవు." ఆమె తడి చీర గట్టిగా దులిపింది. "కొట్టెయ్యమను. నాకేం ఫికర్ లేదు. నాకు గూడ లగ్గమంటే ఏదో ఆశ ఉంటది గద, రిజిస్టర్ల ఏలిముద్రేస్తే అయిపోతదా. గని అవ్వకు మాత్రం నువ్వే చెప్పు. నాతోని కాదు."

అతను వసారా వైపు రెండుసార్లు నడిచాడు. రెండుసార్లూ వెనక్కి తిరిగాడు. తండ్రితోనైనా చెబుదామని వెళ్తే, సదయ్య పోశవ్వ కోసం పాత మంచానికి నవారు బిగిస్తున్నాడు, కొత్తింట్లో వేయడానికట.

సోమవారం బండి తీశాడు. కొట్టెయ్యమని చెబుదామనే బయల్దేరాడు. పైపులైను రోడ్డు మీదికి ఎక్కేసరికి ఆ మాట సగమైంది. ఒకచోట చాయ్ తాగాడు. ఇంకోచోట తాగకుండానే కూర్చున్నాడు. రామగుండంలో ఆమె ఆఫీసు మెట్లెక్కేసరికి సాయంత్రం నాలుగు.

విద్య టేబుల్ మీద లిస్టు లేదు.

"ఏం చెప్పడానికొచ్చావ్?"

జగదీశ్ గోడ మీది గడియారం వైపు చూశాడు.

"పన్నెండింటికి సంతకం పెట్టి పంపించేశాను."

"నేను రాకముందే ఎట్ల పెడ్తవ్ విద్యా?"

"కొట్టెయ్యమనేవాడు పొద్దున ఎనిమిదికే వస్తాడు జగదీశ్."

అతనికి అమ్మయ్య అనిపించింది. నిజం, అదే అనిపించింది. అత్త మొహం చూసి ఆ మాట చెప్పే పని తప్పిందని మనసు తేలికైంది. ఒక్క క్షణమే. ఆ వెనకే బాధ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కానీ ఆ ముందరి క్షణాన్ని విద్య చూసేసింది.

"ఇంటికి పో," అంది మెల్లగా. "మీ అత్త ఎదురుచూస్తుంటుంది."

ఆ తర్వాత జరిగినవన్నీ వాటంతటవే జరిగాయి. ఇళ్లు ఇచ్చే ముందు ఎంక్వయిరీ వాళ్లొస్తారని, జంట కలిసి కాపురం ఉన్నట్టు కనిపించాలని ఊళ్లో పుకారు లేచింది. సదయ్య తేల్చేశాడు. "కాగితం మీద ఎట్లనో అయిపాయె. ఎవడన్న అర్జీ పెట్టకముందే గింత అక్షింతలు ఏసుకుంటే ఫికర్ ఉండదు." పోశవ్వ ఆనందంతో ఏడ్చింది. పెళ్లికొడుకును ఎవరూ అడగలేదు, పెళ్లికూతుర్ని అసలే అడగలేదు. పాత ఊళ్లో జరిగిన ఆఖరి లగ్గం అదే. అందరూ మనసారా దీవించారు. ఆ దీవెనల్లో ఒక్కటీ దొంగది లేదు, అదే అతన్ని ఎక్కువ కోసింది.

ఏడాదిన్నరకు ఇళ్లు చేతికొచ్చాయి.

గడ్డ మీది ట్యాంకు నుంచి నీళ్లు వదిలారు. వీధి వీధికీ ఒకే జోరుతో వచ్చాయి. ఏ వాల్వూ లెక్కపెట్టి తిప్పాల్సిన పని లేకుండా వేసింది ఆ పైపులు వేసిన మనిషి. పోశవ్వ వంటింట్లో నల్లా కింద చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం ఏఈ మేడమ్ వచ్చింది. కొత్త నిబంధన ప్రకారం ప్రతి ఇంటి ముందరా నల్లా పక్కన మొగుడూ పెళ్లాల్ని నిలబెట్టి ఫోటో తీసి అప్‌లోడ్ చెయ్యాలి. అది ఎక్కితేనే ఆ ఇల్లు వాళ్లదైనట్టు.

"జగదీశ్వర్ గారిల్లేనా?" అని అడిగింది గేటు దగ్గర, ట్యాబులోంచి తల ఎత్తకుండా.

"అవును మేడమ్," అంది సంతోషి.

ఇద్దరూ నల్లాకు చెరో పక్కన నిలబడ్డారు.

"ఇలా అయితే ఫ్రేములో పట్టరండీ. కొంచెం దగ్గరికి జరగండి."

జగదీశ్ కదల్లేదు. సంతోషే వచ్చి అతని భుజం పక్కన నిలబడింది, అతని వైపు చూడకుండా. విద్య ఫోటో తీసింది. స్క్రీన్ చూసుకుని ఆగింది. అతని మొహం కిందికి వాలిపోయి ఉండటంతో యాప్ ఒప్పుకోలేదు.

"ఇంకోసారి తీస్తాను. తల ఎత్తండి జగదీశ్వర్ గారూ. నా వైపు చూడాలి."

చూశాడు. ట్యాబు ఆమె మొహాన్ని సగం కప్పేసింది. పైన కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. తెర మీద అతని మొహం కుదురుతోందా లేదా అని ఆ కళ్లు చూసుకుంటున్నాయి, అంతే.

"వచ్చింది," అంది విద్య. వెంట వచ్చిన మనిషితో తర్వాతి నెంబరు ఎంతో చెప్పమంది. అతను చెప్పాడు. ఆమె పక్కింటి గేటు తీసుకుని లోపలికి వెళ్లింది.