మాయమైన నారింజ పాఠం

తలుపు తోసుకుని వచ్చినావిడ కూర్చోమనకముందే కూర్చుంది, పలకరించకముందే ఏడ్చింది.

"నా పాఠాన్ని ఎవరో చంపేశారండీ!"

డిటెక్టివ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆవిడ చూపు తట్టుకోలేక వీధివాళ్ళు పెట్టిన పేరు భూతద్దం. పక్కనే కలం పట్టుకుని నిలబడ్డ అసిస్టెంటు ఆవిడ తోడికోడలు. తోడికోడలిని మనస్ఫూర్తిగా మెచ్చుకునే తోడికోడలు ఎలా దొరికిందన్నది మాత్రం ఆ ఆఫీసులో ఇంతవరకూ తేలని కేసు.

వచ్చినావిడ ఏడో తరగతి ఏ సెక్షన్ సైన్సు టీచరు. వస్తువులు ఎందుకు తేలతాయి, ఎందుకు మునుగుతాయి అన్న పాఠాన్ని బొమ్మలతో, సొంత గొంతుతో కంప్యూటర్లో తయారుచేసింది. స్కూలు పాఠాలన్నీ అందరూ వాడుకునేలా కంప్యూటర్లోనే ఒక ఉమ్మడి అల్మారా ఉంది. అందులో పెట్టమని హెడ్మిస్ట్రెస్ అడిగితే చాలాకాలం నసిగి, చివరికి పెట్టింది. ఈ ఉదయం స్కూలు కమిటీ పెద్దలు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పాఠం తెరిస్తే వివరణ లేదు, గొంతు లేదు. ఒక నీళ్ళ గిన్నె, తొక్క ఉన్న నారింజ, తొక్క ఒలిచిన నారింజ, 'ఏది మునుగుతుంది?' అన్న ప్రశ్న, కింద ఖాళీ గడి. అంతే.

"పదిమందీ వాడుకోవడం ఇష్టంలేక నేనే చెరిపేశానంటున్నారు. సాయంత్రంలోగా పాఠం దొరక్కపోతే ఉద్యోగం మానుకోమన్నారు హెడ్మిస్ట్రెస్ గారు."

"అయితే ఆ ఏడుపు సాయంత్రానికి దాచుకోండి. పదండి స్కూలుకి," అంది భూతద్దం.

కంప్యూటర్ సార్ అడగకముందే తీర్పు చెప్పేశాడు. "వైరస్ మేడమ్." ఆయన దృష్టిలో కరెంటు పోయినా వైరసే.

"పాఠం కంప్యూటర్లో ఆక్రమించే చోటు తగ్గిందా?"

"ఎక్కడండీ! అంతే ఉంది. కాస్త పెరిగింది కూడా."

"పాలు ఒలికిపోయాయట, గిన్నె మాత్రం నిండుగా ఉందట. ఏంటక్కా ఇది?" అని గొణిగింది తోడికోడలు.

"నువ్వడిగిందే అసలు ప్రశ్న," అంది భూతద్దం. తోడికోడలు ఆ మాట కూడా రాసుకుంది.

బి సెక్షన్‌లో బల్లలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. నేల తడిగా ఉంది, చెత్తబుట్టలో నారింజ తొక్కలు. అక్కడి సైన్సు మాస్టారు కొత్తగా చేరిన కుర్రాడు.

"మీరూ ఈ పాఠమే చెప్పారా?"

"నిన్నా ఇవాళా చెప్పానండీ. బ్రహ్మాండంగా నడిచింది! మాది వేరే పద్ధతి లెండి. పిల్లలు ముందు ఊహించాలి, నీళ్ళలో వేసి చూడాలి, కాసేపు పోట్లాడుకోవాలి. ఆ తరవాతే వివరణ. అందుకే పాఠాన్ని నాకు తగ్గట్టు సర్దుకున్నాను. ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క ముక్క చెరిపితే ఒట్టు!"

ఏ సెక్షన్‌లో పిల్లలు చేతులు కట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు.

"పొద్దున ఆ ఖాళీ గడిలో ఎవరైనా ఏమైనా రాశారా?"

"నేను చెప్పకముందు మా పిల్లలు పెదవి కదపరండీ," అంది టీచరు, అంత కష్టంలోనూ గర్వంగా.

భూతద్దం తోడికోడలి వైపు తిరిగి నవ్వింది. "అందర్నీ పిలువమ్మా. కేసు అయిపోయింది."

హెడ్మిస్ట్రెస్ గదిలో అందరూ చేరారు. టీచరు కొంగు మెలిపెడుతూ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఉమ్మడి వంటింట్లో నా కూర కాస్త తీసుకుని, నీ రుచికి కారం కలుపుకోమన్నాననుకోండి," అని మొదలుపెట్టింది భూతద్దం. "తీసుకోవాల్సింది విడిగా ఓ గిన్నెలోకి. ఏకంగా నా గిన్నెలోనే కలిపేస్తే?"

తోడికోడలు కిటికీలోంచి బయటికి చూసింది.

"మాస్టారు కాపీ తీసుకోలేదు. అల్మారాలో ఉన్న అసలు పాఠాన్నే సర్దారు. గడిలో ఏదో ఒక ఊహ రాస్తేగానీ వివరణ రాకుండా దాచారు. ఆయన పిల్లలు గడి చూడగానే ఏదో ఒకటి రాసేస్తారు, పాఠం తెరుచుకుంటుంది. ఈవిడ పిల్లలు టీచరు చెప్పేదాకా రాయరు. పాఠం తెరుచుకునేదాకా టీచరు చెప్పలేరు. ఇంక ఎవరు కదులుతారు? మేడమ్, మీరు చెప్పండి. ఏది మునుగుతుంది?"

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుంది. "అదేం ప్రశ్నండీ. తొక్క తీస్తే బరువు తగ్గుతుంది. తొక్క ఉన్నదే మునుగుతుంది."

కంప్యూటర్ సార్ ఆ జవాబే గడిలో రాశాడు. తెర మీద ఒలిచిన నారింజ బుడుంగున మునిగింది. తొక్క ఉన్నది హాయిగా తేలింది. వెంటనే టీచరు గొంతు, "చూశారా పిల్లలూ, తొక్కలో గాలి ఉంటుంది..." అంటూ గదంతా నిండింది.

తన గొంతు తనే విని టీచరు గోడకి ఆనుకుంది. ఊపిరి వదిలింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

"పొద్దున తొందరపడ్డానమ్మా," అంది హెడ్మిస్ట్రెస్. "మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

మాస్టారు చేతులు జోడించాడు. "ముందే మిమ్మల్ని అడగాల్సింది మేడమ్."

"అడిగినా ఇచ్చేదాన్ని కాదులెండి," అంది టీచరు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంతకీ పిల్లలు నిజంగా పోట్లాడుకున్నారా, నా పాఠం కోసం?"

"పక్క క్లాసువాళ్ళొచ్చి విడదీశారండీ."

కంప్యూటర్ సార్ పాఠాన్ని ఎవరిది వాళ్ళకి విడివిడిగా పెడతానన్నాడు. టీచరు కాసేపు ఆగమంది. మాస్టారు సర్దిన పాఠమే పట్టుకుని నేరుగా ఏ సెక్షన్‌కి నడిచింది. ఆవిడ వెనకే తక్కినవాళ్ళూ వెళ్ళి గుమ్మం దగ్గర ఆగారు.

"ఏది మునుగుతుంది? నేను చెప్పను. మీరే చెప్పాలి."

పిల్లలు కట్టుకున్న చేతులు విప్పలేదు. చాలాసేపటికి మూల బెంచీలోంచి ఒక అమ్మాయి చెయ్యి సగం లేచింది.

"తప్పయితే తిడతారా టీచర్?"

"హెడ్మిస్ట్రెస్ గారే ఇప్పుడు తప్పు చెప్పి వచ్చారమ్మా. నువ్వు చెప్పు."

గుమ్మం దగ్గర హెడ్మిస్ట్రెస్ గట్టిగా దగ్గింది. క్లాసులో చేతులన్నీ ఒక్కసారి లేచాయి.